నవ్వుకు వదిలిన జాగా

సినిమా వాళ్ళంతా అతన్ని మేస్త్రి అంటారు. ఇటుక మీద ఇటుక పేర్చినట్టు జోకు కడతాడని ఎప్పుడో ఎవరో అన్నారు, ఆ పేరు అతుక్కుపోయింది. దర్శకుడిగా తీసినవన్నీ చిన్న సినిమాలే. ఇంటిల్లిపాదీ వెళ్ళి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, బయటికొచ్చాక కథేమిటో మరిచిపోయే సినిమాలు. అందుకు మేస్త్రి ఎన్నడూ చిన్నబుచ్చుకోలేదు. "కథ గుర్తుండాలంటే ఇంకోడి దగ్గరికి వెళ్ళండి. నడుంనొప్పి మరిచిపోవాలంటే నా దగ్గరికి రండి," అనేవాడు.

పనిలో మాత్రం మహా పట్టింపు మనిషి. ఎడిటింగ్ గదిలో ప్రతి జోకు తర్వాతా కొంచెం జాగా వదిలేవాడు. హాల్లో నవ్వు లేచి, సద్దుమణిగేదాకా తెర మీద ఎవరూ అవసరమైన మాట మాట్లాడకూడదు. మాట్లాడితే అది నవ్వులో కొట్టుకుపోతుంది. జోకు చెప్పేవాణ్ణి నిలువెత్తునే చూపించాలి. "మొహం మరీ దగ్గరగా చూపిస్తే జాలి పుడుతుంది. జాలి పుట్టిందా, ఇక నవ్వు లేవదు," అని కెమెరామన్‌ను దూరం నెట్టేవాడు. సినిమా విడుదలకు ముందు కొందరిని పిలిచి చూపించేటప్పుడు తను తెర వైపు చూసేవాడే కాదు. తెర పక్కన గోడకు ఆనుకుని జనం మొహాలు చూసేవాడు.

అలాంటి మేస్త్రి, కూతుర్ని ఒంటిచేత్తో పెంచిన తండ్రి కథ తీస్తానన్నాడు. అది తన కథే. కూతురికి ఐదేళ్ళప్పుడు భార్య వెళ్ళిపోయి వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టుకుంది. ఎవరి తప్పు ఎంత అన్నది మేస్త్రి ఎవరి దగ్గరా విప్పలేదు. కూతురు పెద్దదై, ఆసుపత్రిలో కాలూ చెయ్యీ స్వాధీనం తప్పినవాళ్ళతో వ్యాయామాలు చేయించే ఉద్యోగంలో స్థిరపడింది. ఇంక చెప్పవచ్చని అతనికి అనిపించింది.

నిర్మాత అతని అక్క మొగుడే. మేస్త్రి సినిమాలన్నిటికీ డబ్బు పెట్టింది ఆ బావే.

"ఏవయ్యా బామ్మర్దీ, నవ్వుల హోటలు బ్రహ్మాండంగా నడుస్తుంటే దాన్ని మూసి ఆసుపత్రి పెడతానంటావేంటి?"

"నడుస్తుంది బావా. ఎలా తియ్యాలో నాకు తెలుసు."

తెలుసుననే తీశాడు. తండ్రి వేషం గుండు అని పిలిచే హాస్యనటుడికిచ్చాడు. గుండు తెర మీద కనపడితే చాలు, పిల్లలు కుర్చీలెక్కి నవ్వుతారు. సినిమాకు గుండెకాయలాంటి సీను వంటింట్లో జరుగుతుంది. సాయంత్రం పూట పాప, "అమ్మ ఎప్పుడొస్తుంది?" అని అడుగుతుంది. తండ్రి చిల్లుల గిన్నె నెత్తిన బోర్లించుకుని, గరిటె నోటి దగ్గర పెట్టుకుని, స్టేషన్లో వినిపించే గొంతుతో చెబుతాడు: "ప్రయాణికులకు విజ్ఞప్తి. అమ్మగారు రావలసిన బండి కొంత ఆలస్యంగా నడుస్తున్నది. కలిగిన అసౌకర్యానికి నాన్నగారు చింతిస్తున్నారు." పాప పకపకా నవ్వుతుంది. అక్కడితో సీను ముగుస్తుంది.

మేస్త్రి ఇంట్లో అచ్చంగా అలాగే జరిగింది. సినిమాల్లోకి రాకముందే తను కొట్టిన మొదటి హిట్టు అదేనని అతను నలుగురిలో చెప్పుకునేవాడు.

మొదటిసారి చూపించినప్పుడు ఆ సీనుకు హాలు దద్దరిల్లింది. బావ తొడ చరుచుకున్నాడు. ముందు వరుసలో ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వింది. గోడకు ఆనుకున్న మేస్త్రి మాత్రం ఆ నవ్వు ఎప్పుడు ఆగుతుందా అని చూశాడు. ఆ తర్వాతి సీనులో బడి గేటు దగ్గర పాప ఒక్కతే నిలబడి ఉంటుంది. జనం దానికీ నవ్వారు. నవ్వడానికి వచ్చినవాళ్ళయిపోయారు, ఇక ఏది చూపించినా నవ్వేలా ఉన్నారు.

బయట మెట్ల మీద బావ పట్టలేని హుషారులో ఉన్నాడు. "అదిరిపోయిందయ్యా. ఆ ఏడుపు సీన్లు సగం పీకేద్దాం. గిన్నె సీను లాంటివి ఇంకో నాలుగు తీసి కలుపు."

"ఒక్కసారి సరిచేసి చూపిస్తాను బావా. అప్పుడూ ఇలాగే నవ్వితే నీ ఇష్టం, కామెడీ అనే అమ్ముకో. నేను నోరెత్తను."

"మాట తప్పవుగా?"

"తప్పను."

కూతురు కారు దగ్గర నిలబడి ఉంది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు కూడా తీయలేదు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు మేస్త్రి.

"అందరూ నవ్వారుగా."

"నేనడిగింది నిన్ను."

ఆమె కార్డు తీసి సంచిలో వేసుకుంది. "ఆ రోజు నేను నవ్వింది జోకుకి కాదు నాన్నా."

"మరి?"

"నువ్వు చెప్పడం అయిపోయాక ఆగావు. గరిటె అలాగే పట్టుకుని నా మొహంలోకే చూస్తున్నావు. నేను నవ్వకపోతే నువ్వు ఏడ్చేస్తావేమో అనిపించింది. అందుకని నవ్వాను."

"నీకప్పుడు ఐదేళ్ళే."

"ఐదేళ్ళ పిల్లలకు కళ్ళు కనపడవా ఏంటి?"

మేస్త్రి కారు తలుపు మీద చెయ్యి వేశాడు. మాట తగలవలసిన చోటే తగిలింది. అయితే నొప్పి పూర్తిగా తెలియకముందే సీనులో లోపం తెలిసిపోయింది. నవ్వే పాపను చూపించి సీను ముగించాడు. చూపించవలసింది, పాప నవ్వు కోసం కాచుకుని ఉన్నవాణ్ణి.

"నువ్వప్పుడు కూర్చుని ఉన్నావా, నిలబడి ఉన్నావా?"

ఆమె తండ్రి మొహం చూసి నవ్వింది. "నేనింత చెబితే నువ్వడిగేది ఇదా?"

"ఇదే. రేపు వచ్చి చూపించు."

"రేపు పేషెంట్లున్నారు నాన్నా."

"వాళ్ళ పని అయ్యాకే రా."

వంటింటి సెట్టు మళ్ళీ నిలబెట్టారు. మర్నాడు సాయంత్రం కూతురు వచ్చి, అలమరకు వీపు ఆనించి కింద కూర్చుంది. కెమెరామన్ ఆమె చూపు ఎత్తుకు కెమెరా దించాడు. "ఇంకా కిందికి దించన్నా, ఇప్పుడు పొడుగయ్యాను కదా," అంది. చివరికి అతను నేల మీద బోర్లా పడుకోవలసి వచ్చింది.

ఎక్కడెక్కడ నిలబడాలో చూసుకుంటూ గుండు కంగారుపడ్డాడు. "క్లోజప్పా గురూగారూ? నా మొహం ఇంత దగ్గరగా మీరెప్పుడూ చూపించలేదు. గుంటలన్నీ కనపడతాయి."

"కనపడనీ."

"ఏం చెయ్యమంటారు?"

"జోకు చెప్పు. ఇంతవరకు ఎప్పుడూ చెప్పనంత బాగా చెప్పు. చెప్పాక ఆగు. పాప నవ్వుతుందో లేదో నీకు తెలీదు. తెలిసేదాకా కదలకు."

మేస్త్రి, పాప వేషం వేసిన పిల్ల పక్కన చతికిలబడి, "నీకు ఎప్పుడు నవ్వాలనిపిస్తే అప్పుడే నవ్వు తల్లీ. తొందరేం లేదు," అన్నాడు.

గుండు చెప్పాడు. మాట మాటకూ ఊపు, విరుపు, అన్నీ సరిగ్గా పడ్డాయి. లైట్లు పట్టుకున్నవాళ్ళు మూతులు బిగపట్టుకున్నారు. తర్వాత గుండు ఆగాడు. పాప నవ్వలేదు. గుండు పెదాల మీది చిరునవ్వు అలాగే ఉండిపోయింది గానీ కళ్ళు పాప మొహంలో వెతుక్కోవడం మొదలుపెట్టాయి. అది నటనో నిజమో గుండుకే తెలియాలి. చాలాసేపటికి పాప, ఇంటికొచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చినట్టు, మర్యాదగా ఒక చిన్న నవ్వు నవ్వింది.

"కట్," అన్నాడు మేస్త్రి. ఇంకోసారి తీద్దామా అని కెమెరామన్ అడిగితే అక్కర్లేదన్నాడు.

ఎడిటింగ్‌లో ఆ మొహాన్ని ఎక్కడా తుంచలేదు.

ఈసారి చూడడానికి వచ్చినవాళ్ళంతా కొత్తవాళ్ళు. మేస్త్రి గోడ దగ్గర తన చోటులోనే నిలబడ్డాడు. బండి ఆలస్యమని గుండు చెప్పగానే హాలంతా నవ్వు లేచింది. లేవాలనే మేస్త్రి కోరుకున్నాడు. తర్వాత తెర నిండా గుండు మొహం నిలిచింది. నవ్వు ముందు వరుసల్లో జారింది, మధ్యలో తెగింది. వెనక ఒకాయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. తనొక్కడే మిగిలానని తెలిసి గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. ఆ తర్వాత తెర మీద పాప నవ్వింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. బడి గేటు సీనుకు కుర్చీ కిర్రుమన్నా వినిపించింది.

బావ బయటికొచ్చి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడు పోస్టరు మీద ఏం వెయ్యాలయ్యా? కడుపుబ్బ నవ్వండని వెయ్యలేను కదా."

"పేరు వెయ్యి బావా, చాలు."

"మీ అక్క నన్ను చంపుతుంది."

"సినిమా చూశాక చంపమను."

బావ గొణుక్కుంటూనే పోస్టర్ల వాడికి ఫోన్ చేశాడు.

తండ్రీ కూతుళ్ళు ఇంటికి నడిచారు. దుకాణాలు ఇంకా తెరిచే ఉన్నాయి. కొంత దూరం వెళ్ళాక కూతురు అంది:

"ఆ రోజు తర్వాత అమ్మ గురించి నేను మళ్ళీ అడగలేదు. గమనించావా?"

"మరిచిపోయావనుకున్నాను."

"ఇప్పుడు అడుగుతున్నాను. వెళ్ళేటప్పుడు ఏమంది?"

మేస్త్రి నాలుక చివరికి ఒక మాట వచ్చింది. మంచి జోకే, తప్పకుండా పేలేది. దాన్ని మింగేశాడు.

"నీ చెప్పులు బిగుతయ్యాయి, కొత్తవి కొనమంది," అన్నాడు. "నువ్వు పడుకుని ఉన్నావు. గుమ్మంలో సంచీ కింద పెట్టి, మళ్ళీ లోపలికొచ్చి నీ కాళ్ళ దగ్గర కూర్చుంది..."

ఆమె నడక తగ్గించింది. అతను చెప్పుకుంటూ పోయాడు.