దేవరకొండ మురమురాల బట్టీకి పచ్చ దీపం

పొద్దున ఆరుంబావుకు హైదరాబాద్‌లో నల్గొండ ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాను. భుజానికి బట్టల సంచి, ఒళ్లో టిఫిన్ డబ్బా అంత యంత్రం. అది గాలిని పీల్చి మూడు రంగుల్లో తీర్పు చెబుతుంది. పచ్చ దీపం వెలిగితే గాలి మంచిది, పసుపైతే ఫర్వాలేదు, ఎరుపైతే పొగ ఎక్కువ. ఊళ్లలో పొగ వదిలే చిన్న వ్యాపారాలను వెతికి, కొలిచి, ఎరుపు వచ్చినవాళ్లకు పొగ తక్కువ పొయ్యి ఉచితంగా ఇప్పించడం మా సంస్థ పని. హైదరాబాద్ గాలిని బాగుచేయడమే ఒక జీవితానికి సరిపడా పని గానీ, మా ఆఫీసు పెద్దలు ఉండేది అక్కడే కాబట్టి ముందుగా జిల్లాల మీద పడ్డాం.

యంత్రానికి రెండు పట్టింపులున్నాయి. ఒకసారి కొలిచిన చోటును అది మళ్లీ కొలవదు. ఎరుపు వస్తే పొయ్యి మంజూరు దానంతటదే అయిపోతుంది, మధ్యలో మనిషి చెయ్యి పడదు. మనిషి చెయ్యి పడితే ఏమవుతుందో మా పెద్దలకు అనుభవం మీద తెలుసు.

ఈ దారిన వెళ్లేవాళ్లు బస్సులో కుడివైపు కూర్చోండి. పొద్దుటి ఎండ తప్పుతుంది. చౌటుప్పల్‌లో గొంగడి భుజాన వేసుకున్న ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. గొర్లు కాస్తాడట, పేరు మల్లయ్య. యంత్రాన్ని చాలాసేపు చూశాడు.

"ఏంది సారు గది? రేడియోనా?"

"గాలిని కొలిచే యంత్రం."

"గాలిని కొల్చి ఏం జేస్తరు? అమ్ముతరా?"

నేను ఓపిగ్గా మొత్తం వివరించాను. ఆయన అంతా విని, "మేం దోమలకు మంద కాడ పొగవెడ్తం. గది జెప్పకు మల్ల" అని నార్కట్‌పల్లిలో దిగిపోయాడు.

తొమ్మిదింటికి నల్గొండ. గడియార స్తంభం దగ్గర్లో ఒక టిఫిన్ హోటల్ మా జాబితాలో మొదటిది. వెనక వరండాలో కట్టెల పొయ్యి మీద రోజుకు ఎన్నో వాయిల ఇడ్లీ దించుతారని రాసి ఉంది. వెళ్లేసరికి వరండా కడిగి ఆరబెట్టినట్టుంది. యజమాని నర్సింహ నన్ను కూర్చోబెట్టి, వద్దన్నా వినకుండా రెండు ఇడ్లీలు, వడ పెట్టించాడు. ఇడ్లీ ఒక పొట్లం విప్పి ప్లేట్లో వేయడం నేను కళ్లారా చూశాను. హోటల్లో కూర్చుని పొట్లం ఇడ్లీ ఎందుకు తింటున్నానన్న అనుమానం నాకు రాలేదు. యంత్రం పచ్చగా వెలిగింది. ఆ తర్వాత బేకరీలోనూ పచ్చే. అక్కడ పొయ్యికి పొద్దుటి నుంచి రిపేరట. నల్గొండ గాలి ఇంత బాగుందా అని ఆశ్చర్యపోయి, ఆ ముక్క డైరీలో కూడా రాసుకున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంట బస్సుకు దేవరకొండ బయల్దేరాను. కాసేపు బత్తాయి తోటలు, ఆ తర్వాత పత్తి చేన్లు, ఆ తర్వాత రాళ్లు. కొండ మీద పాత కోట కనిపించేసరికి మూడు కావస్తోంది. బస్టాండు వెనక సందులో సైదమ్మ మురమురాల బట్టీ. యాభై దాటిన మనిషి. పెనిమిటి పోయినప్పటి నుంచి బట్టీ ఆమే నడుపుతోంది. పెద్ద ఇనప మూకుట్లో ఇసుక కాగబెట్టి, అందులో బియ్యం వేసి కలియబెడితే గింజ పొంగి మురమురాలవుతుంది. కింద మంటకు పత్తికట్టె, ఊక. ఆ మంట పొగ ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు.

నేను వెళ్లేసరికి మాత్రం పొగ లేదు. వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గు వేసి ఉంది. బట్టీకి ఎర్రమట్టి పూసి ఉంది. కుర్చీ మీద కొత్త తువ్వాల పరిచి ఉంది. పొయ్యి మూతి దగ్గర పిల్లి పడుకుని ఉంది. సైదమ్మ నిమ్మసోడా ఇచ్చింది. నేను తాగి, మీట నొక్కాను. పచ్చ. కొలత ఆఫీసుకు వెళ్లిపోయింది.

"పచ్చగొచ్చింది. మంచిదేనా సారు?"

"చాలా మంచిదమ్మా. మీ దగ్గర పొగే లేదు."

"ఎట్లుంటది సారు? మీరొస్తున్నరని ఫోన్ల మెసేజ్ వెట్టిన్రు గద. మూడొద్దుల సంది బట్టీ బంద్ వెట్టిన. పెద్దమనిషి ఇంటికొస్తే పొగల కూసోవెడ్తమా?"

పొట్లం ఇడ్లీ అప్పుడు గుర్తొచ్చింది. బేకరీ రిపేరూ గుర్తొచ్చింది. మా ఆఫీసు పంపిన మెసేజ్‌లో 'సార్ వస్తున్నారు, పరిశుభ్రంగా ఉంచి సహకరించగలరు' అని ఉంది. ఆ మెసేజ్ రాసింది నేనే.

సైదమ్మ సంతోషంగా గోడ మేకుకు గుచ్చి ఉన్న కాయితం తీసి చూపించింది. మున్సిపాలిటీ నోటీసు. బట్టీ పొగ పక్కనున్న బడిలోకి పోతోందని, నెలాఖరులోపు పొగ ఆపకపోతే బట్టీకి తాళం వేస్తామని ఉంది. "కొత్త పొయ్యొస్తే గీ నోటీసు ఫికర్ దప్పుతది. ఎప్పుడు దెస్తరు సారు?"

పచ్చ వస్తే పొయ్యి రాదని చెప్పాను. మున్సిపాలిటీ లెక్కన ఆమె పొగ ఎక్కువ, మా లెక్కన పొగ లేదు. మొదటిదానికి బట్టీ పోతుంది, రెండోదానికి పొయ్యి రాదు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "నేనేం తప్పుజేసిన సారు?" అని మాత్రం అడిగింది. నాకు సిగ్గేసింది.

"అమ్మా, బట్టీ ముట్టించండి. మళ్లీ కొలుద్దాం" అన్నాను, యంత్రం సంగతి తెలిసి కూడా. ఇసుక కాగడానికి మూడు గంటలు పట్టింది. ఆరున్నరకు సందంతా పొగ. నా కళ్లల్లో నీళ్లు, ఆమెకు దగ్గు. మీట నొక్కితే, 'ఈ చోటు కొలత పూర్తయింది' అని అక్షరాలు వచ్చాయి. మేనేజర్‌కు ఫోన్ చేశాను.

"పచ్చ వచ్చాక మళ్లీ ఎరుపెందుకండీ?" అన్నాడాయన. "మనం అడుగు పెట్టగానే గాలి బాగుపడిందని రాసుకుందాం. రేపు మన సంస్థ పెట్టే మహబూబ్‌నగర్ సదస్సులో సన్మానానికి ఒక మనిషి తక్కువైంది. ఆమెను తీసుకురండి."

సైదమ్మకు చెప్పాను. "శాలువ గప్పుతరా? శాలువ నాకెందుకు సారు, పొయ్యి అడుగుత" అంది. నోటీసు మడిచి బొడ్డుసంచిలో పెట్టుకుంది.

మర్నాడు ఐదు నలభైకి ఇద్దరం కల్వకుర్తి బస్సెక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆమెకు జీరో టికెట్, నాకు కండక్టర్ చిల్లర ఇవ్వని టికెట్. దేవరకొండ లాడ్జీలో బస చేసేవాళ్లు దుప్పటి వెంట తీసుకెళ్లండి, అంతకుమించి ఏమీ చెప్పను. కల్వకుర్తిలో బస్సు మారేముందు టీ తాగాం. రెండో బస్సులో సైదమ్మ వెంట తెచ్చిన మురమురాల పొట్లం విప్పింది. పల్లీలు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ. పక్క సీటు ముసలవ్వ తనంతట తానే ఒక గుప్పెడు తీసుకుని, "కరకరలాడుతున్నయ్ బిడ్డా. ఎక్కడియి?" అంది. "నా బట్టీయే అవ్వా. నెలాఖరుదాకనే" అంది సైదమ్మ.

పదింటికి మహబూబ్‌నగర్. పదకొండు గంటల సదస్సు ఒంటిగంటకు మొదలైంది. 'స్వచ్ఛమైన గాలి మన హక్కు' అన్న బ్యానర్ కింద కార్లు బారులు తీరి ఉన్నాయి. డ్రైవర్లు ఏసీ కోసం ఇంజన్లు ఆపలేదు. అధ్యక్షుడుగారు దిగగానే గుమ్మంలో పటాకుల దండ పేల్చారు. కరెంటు పోయింది. వేదిక పక్కనే జనరేటర్ ఆన్ చేశారు. జ్యోతి ప్రజ్వలనకు కర్పూరం, దానికి తోడు నాలుగు కట్టల అగరొత్తులు. మూడో వరుసలో వాళ్లు వేదిక మీదున్న నాకు మసగ్గా కనిపించారు.

సైదమ్మకు శాలువ కప్పి, ఒక మొక్క చేతికిచ్చారు. పొగ లేని వ్యాపారానికి ఆదర్శం అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడుగారు నావైపు తిరిగి, యంత్రం ఎట్లా పనిచేస్తుందో ఒకసారి సభకు చూపించమన్నారు. వ్యాపారం రకం నింపితే గానీ అది కదలదు. 'ఇతరములు' అని నింపి మీట నొక్కాను. దీపం ఎర్రగా వెలిగింది. పైగా కూతపెట్టింది.

"యంత్రం చెడిపోయినట్టుంది" అని అధ్యక్షుడుగారు నవ్వారు. సభంతా నవ్వింది.

సైదమ్మ మైకు దగ్గరికి వచ్చింది. "యంత్రం మంచిగనే ఉన్నది సారు. నిన్న మా తాన పచ్చగొచ్చిందని ఇప్పుడే మీరంత చప్పట్లు గొట్టిన్రు గద. నేను బట్టీ ఆర్పిన, పచ్చగొచ్చింది. మీరు ఇన్ని ముట్టిచ్చిన్రు, ఎర్రగొచ్చింది. నాకు శాలువ వద్దు, పొయ్యి ఇయ్యిన్రి. నెలాఖరుకు తాళమేస్తరట." నోటీసు తీసి చూపించింది.

ఎవరూ నవ్వలేదు. అధ్యక్షుడుగారు పరిశీలిస్తామన్నారు. ఆ తర్వాత భోజనాలు. బగారన్నం, చికెన్, కట్టెల పొయ్యి మీద వండినవి. ఆకలి మీద ఉన్నాను కాబట్టి రెండుసార్లు వడ్డించుకున్నాను.

నాలుగింటికి బస్టాండులో సైదమ్మ కల్వకుర్తి బస్సెక్కింది. ఒక చేతిలో శాలువ, ఒక చేతిలో మొక్క. "నీ తప్పేం లేదు సారు" అంది. తప్పు నాదేనని ఇద్దరికీ తెలుసు.

నేను హైదరాబాద్ బస్సెక్కాను. రెండు రోజుల్లో తిరిగిన ఊళ్లలో గాలి ఎక్కడా బాగాలేదు. మనుషులకు మాత్రం మర్యాద మరీ ఎక్కువ. మనల్ని చూడగానే పొయ్యి ఆర్పేస్తారు, మనం పచ్చ దీపం చూసుకుని మురిసిపోతాం. చెప్పకుండా వెళ్లి ఉంటే ఈపాటికి మూడు పొయ్యిలు మంజూరయ్యేవి. ఈ పని మీద వెళ్లేవాళ్లకు నేనిచ్చే సలహా ఇదొక్కటే.

జడ్చర్ల దాటాక ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి మెసేజ్. 'అభినందనలు. ఈరోజు ఇతరములు విభాగంలో ఎరుపు వచ్చిన వ్యాపారానికి పొగ తక్కువ పొయ్యి మంజూరైంది. వారంలో అందుతుంది. యజమాని పేరు, పొయ్యి దించవలసిన చోటు గంటలోగా పంపండి.'

రెండుసార్లు చదివాను. సదస్సు వేదికకు పొయ్యి మంజూరైంది. మధ్యలో మనిషి చెయ్యి పడలేదు, నా చెయ్యి తప్ప. జవాబు రాశాను. యజమాని: సైదమ్మ. చోటు: దేవరకొండ, బస్టాండు వెనక సందు, మురమురాల బట్టీ. పంపేశాను. ఉద్యోగం పోతే పోనీ అనుకుని ఆమెకు ఫోన్ చేశాను.

"అమ్మా, పొయ్యి వస్తుంది. వారంలో."

బస్సు చప్పుడులో ఆమె ముక్కు చీదడం వినిపించింది.

"ఒక్క మాట," అన్నాను. "ఇగ ఎవరొచ్చినా బట్టీ ఆర్పకండి."

"నువ్వొచ్చినా?"

"నేనొచ్చినా."