చెత్త తినే అతిథులు

ఆ రోజుల్లో నాకు ప్రకృతి గురించి అంతా తెలుసనే నమ్మకం ఉండేది. పుట్టిందీ పెరిగిందీ అండమాన్‌లో. చుట్టూ అడవి, చుట్టూ సముద్రం, ఇంకేం తెలియాలి? డిగ్రీ అవగానే, దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగుల మీద పరిశోధన చేసే ఒక మేడమ్ దగ్గర మూడు నెలల ఉద్యోగం దొరికింది. బాగా చేస్తే పొడిగిస్తామన్నారు. వల తప్ప జీతం ఎరగని ఇల్లు మాది. నేను కలెక్టర్నైపోయినట్టే మా మామ్మ మా పేట డిగ్నాబాద్ అంతా చెప్పుకొచ్చింది.

మేడమ్ ఓడెక్కి వేరే దీవికి వెళ్తూ ఒక ప్లాస్టిక్ డబ్బా నా చేతిలో పెట్టారు. అందులో కుళ్ళిన ఎండాకులు, వాటి కింద పన్నెండు గొంగళిపురుగులు. (దురద పుట్టించే బొచ్చువి కావు, సన్నగా, మట్టిరంగులో, ఉన్నాయో లేవో వెతుక్కోవాల్సినవి.) ఇవి అడవిలో రాలిన ఆకుల మధ్యే పెరుగుతాయి, ఆకులు ఆరిపోకుండా కాసిని నీళ్లు చిలకరించు చాలు అన్నారు. ఏం తింటాయని నేను అడగలేదు. డిగ్రీ ఉన్నవాళ్లు అడగరు.

మామ్మ మూత తీసి చూసి ముఖం చిట్లించింది. ఓడ దిగి మా ఇంటికి ఎవరొచ్చినా, వేళ కాని వేళైనా సరే, పొయ్యి వెలిగించి వేడన్నం పెట్టాల్సిందే. చద్ది పెడితే పరువు తక్కువ. అలాంటి ఇంట్లో పసికూనలకి కుళ్ళాకులా? నాకూ జాలేసింది. ఆ చెత్తంతా పారబోసి, డబ్బా కడిగి, లేత మునగాకు పరిచాను. మామ్మ మెచ్చుకుంది.

మూడో రోజుకి మునగాకు పెట్టింది పెట్టినట్టే ఉంది. పురుగులు చిక్కి సగమయ్యాయి. నాలుగు చచ్చిపోయాయి. అప్పుడు మేడమ్ ఇచ్చిన కాగితాలు తిరగేస్తే, ఇవి పచ్చి ఆకు ముట్టవనీ, కుళ్ళుతున్న ఎండాకే వీటి అన్నమనీ ఉంది. ఉద్యోగం పోయినట్టే. అడవిదాకా పోయే వ్యవధి లేక పెరట్లోకి పరిగెత్తాను కానీ, తెల్లవారగానే ఊడ్చి దోమలకి పొగ పెట్టేసే మామ్మ పెరట్లో ఎండాకు దొరకడమా? పక్కింట్లో చిటికెడు ఉప్పు కూడా అడగని మనిషి, నా ఏడుపు చూడలేక, చేట పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగింది. "దీదీ, మీ చెత్త కొంచెం ఇయ్యండి. కుళ్ళిందైతే మరీ మంచిది." ఒకావిడ మామ్మకి ఒంట్లో బాగాలేదనుకుని కూర్చోబెట్టి టీ ఇచ్చిందట.

తెచ్చినవాటిలో మంచివి (అంటే బాగా కుళ్ళినవి) ఏరి పెట్టాం. సాయంత్రానికి ఆకులకి చిల్లులు పడ్డాయి. "ఒలే, తింతన్నాయే" అంది మామ్మ, కళ్లు తుడుచుకుంటూ.

డబ్బా తీసుకెళ్లడానికి వచ్చిన మేడమ్, మిగతా నాలుగూ ఏవని అడిగారు. మామ్మే ముందుకొచ్చి, "గల్తీ మేరా, మేడమ్. తాజా పత్తా మై దియా. లడ్కీ తో మనా కియా" అంది. తప్పు తనదట, నేను వద్దన్నా పచ్చి ఆకు తనే పెట్టిందట! నేను కాదనలేదు. మేడమ్ నిట్టూర్చి, పచ్చి ఆకు తినలేదని పుస్తకంలో రాసుకుని వెళ్లారు. ఉద్యోగం నిలిచింది.

ఎందుకలా చెప్పావని తర్వాత అడిగాను. "నాకేటి ఉద్యోగం పోద్దే?" అంది.

ఇన్నేళ్లుగా ఆ పనే నాకు అన్నం పెడుతోంది. మామ్మ ఇప్పుడు లేదు. కొత్తగా చేరిన పిల్లలకి పురుగుల డబ్బా ఇచ్చేటప్పుడు ఈ సంగతి చెప్పి, మునగాకు వేసిన తెలివితక్కువది నేనేనని ఒప్పుకుంటాను. వాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. మేడమ్‌కి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. మామ్మ నా కోసం ఆడిన అబద్ధాన్ని పాడుచేయడానికి మనసొప్పదు.