ఎర్ర కారు సందులో లేని గంధం

సోమవారం నుంచి వాల్యుయేషన్ రిపోర్టు కింద నా సంతకమే చెల్లుతుంది! లైసెన్సు కవరు ఇవాళ పొద్దున పదకొండింటికి ఆఫీసుకి వచ్చింది. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే, డిగ్రీ చదివింది నేనే. ఇప్పుడిక ఒక పాత కారు ధర నమ్మాలంటే బ్యాంకువాళ్ళు నా పేరు చూసి నమ్మాలి. ఇంతవరకు కారు చూసేది నేను, రిపోర్టు రాసేది నేను, సంతకం మాత్రం మా చంద్రన్ సారుది. అందరికీ ఫోన్లు చేయాలి. కానీ ఈ కవరు వెనక ఒక కేసు ఉంది. ముందు అది రాసేస్తాను. లేకపోతే ఈ సంతోషంలో వివరాలన్నీ కలిసిపోతాయి.

రెండేళ్ల కిందటి మాట. తమిళనాడులోని విరుదునగర్‌లో మా ఆఫీసు. వాడిన కారుని చూసి, దాని ధర ఎంతో, ఎందుకంతో రాసివ్వడం మా పని. మాకు వచ్చేవి చిన్న కార్లు, మిరపకాయల మూటలు మోసే వ్యాన్లు. స్పోర్ట్స్ కారు అప్పటిదాకా నేను హైవే మీదే చూశాను, అదీ వెనకవైపు నుంచి, రెండు సెకన్లు.

గోవిందసామి మామ మిరపకాయల వ్యాపారి. విళాత్తికుళం పక్కన సొంత పొలం కూడా ఉంది. నాకు చుట్టం కాదు, కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్దవాళ్ళని మామ, అత్త అనడం మాకు అలవాటు. అరవై దాటాక ఆయనకి స్పోర్ట్స్ కారు మీద మనసైంది. భార్య ఆండాళ్ అత్తని వెంటబెట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"పాపా, రెండు వండ్లు చూసి పెట్టుకోనుండా. ఏది కొనేదో నువ్వు దా చెప్పాల." మా తెలుగులో తమిళం కలిసిపోయింది: వండి అంటే బండి, 'నువ్వు దా' అంటే నువ్వే.

"రెండే సీట్లంట పాపా," అంది అత్త. "నన్ని డిక్కీలో ఏసుకోని పోతాడేమో, అది మొదులు అడుగు."

"పక్కన్నే కూర్చోబెట్టుకుంటా లేవే. నోరు మూసుకోని వస్తానంటే."

"అట్లంటే నాకి బస్సే మేలు."

నేను నవ్వు ఆపుకుంటుంటే మామ గొంతు తగ్గించాడు. "ఇదో పాపా, రెండేండ్లు తోలుకుంటా. ఆ మీద మనవరాలు కాలేజీకి పోవాల. ఆ పొద్దు ఈ వండి అమ్మే ఫీజు కట్టేది. అమ్మేప్పుడు వెల ఇరిగిపోయిందంటే, నా ఆసకి పిల్ల చదువు తిన్నట్ల అయిపోతుంది. నేను ఈమెకి మొకం చూపీలేను."

దానికి అత్త కూడా తలూపింది. అంటే ఈ మాట ఇంట్లో చాలాసార్లు నడిచిందన్నమాట.

రెండు కార్లూ చూశాను. కంపెనీల పేర్లు రాయను. మొదటిది కోవిల్‌పట్టి బైపాస్ పక్కన యార్డులో ఉన్న ఎర్ర జర్మన్ కారు. ఆరేళ్ళది, ఒకే ఓనరు, తిరిగింది పదకొండు వేల కిలోమీటర్లే. రెండోది సాత్తూరులో ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమాని ఇంట్లో ఉన్న తెల్ల జపాన్ కారు. తొమ్మిదేళ్ళది. ప్రతి ఆదివారం మదురై దాకా నడిపేవాడు కాబట్టి అరవై వేలు దాటింది.

స్పోర్ట్స్ కారులో రెండు విషయాలు చూడాలి. ఒకటి రీసేల్, అంటే మళ్ళీ అమ్మితే ఎంత వస్తుందని. జర్మన్ కారు ధర మొదటి నాలుగేళ్ళలో జారాల్సినంత జారిపోయి, తర్వాత నెమ్మదిస్తుంది. కిలోమీటర్లు తక్కువుంటే కొనేవాళ్ళు పోటీపడతారు. జపాన్ కారు ధర మొదటి నుంచీ మెల్లగానే దిగుతుంది, కానీ మన వైపు దాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు తక్కువ. రెండోది రోజువారీ బతుకు. ఎర్ర కారుకి గ్రౌండ్ క్లియరెన్స్, అంటే రోడ్డుకీ కారు కడుపుకీ మధ్య ఖాళీ, నా జాన కంటే తక్కువ. స్పీడ్ బ్రేకర్ ఎక్కాలంటే ఏటవాలుగా, దండం పెట్టుకుంటూ ఎక్కాలి. సర్వీసుకి లారీ మీద చెన్నై పంపాలి. తెల్లదానికి మదురైలో మెకానిక్ ఉన్నాడు.

అయినా నా రిపోర్టులో ఎర్ర కారే గెలిచింది. పెయింట్ మీటరు పెట్టాను. రంగు ఎంత మందంగా ఉందో చెప్పే చిన్న యంత్రం అది. దెబ్బ తిని మళ్ళీ రంగు వేసిన చోట అంకె పెరుగుతుంది. బానెట్ మీద అంకె సరిగ్గానే ఉంది. ముందు చక్రాల పైన ఫెండర్లు ప్లాస్టిక్‌వి, ప్లాస్టిక్ మీద ఈ మీటరు పలకదు. సరే అని వదిలేశాను. తెల్ల కారుకేమో బానెట్ మీద, డోరు అంచుల్లో ఏళ్ళ తరబడి ఆయుధ పూజకి పెట్టిన గంధం, కుంకుమ మరకలు దిగిపోయి ఉన్నాయి. "రంగు పాడైంది" అని రాసి ధర తగ్గించాను. సారు సంతకం పెట్టారు. మామ విజయదశమి పొద్దున ఎర్ర కారుకి అడ్వాన్సు ఇస్తానన్నాడు. మంచిరోజు కదా.

దానికి ముందురోజు ఆయుధ పూజ. నేను అరుప్పుక్కోట్టైలో మా ఇంట్లో ఉన్నాను. మాకు నాలుగు పవర్‌లూమ్ మగ్గాలున్నాయి. అమ్మ చీపురు పుల్లతో మగ్గాల సందుల్లో ఎండిన పాత గంధం గీకుతోంది. నేను కొత్త బొట్లు పెడుతున్నాను. మూడో మగ్గానికి ముందున్న ఇనుప పట్టీ దగ్గరికి వచ్చేసరికి సందు శుభ్రంగా ఉంది.

"ఇది నువ్వే గీకేసినావా అమ్మా?"

"ఇంకా దాన్ని ముట్టలేదే నేను. అది ఆడి నెలలో ఇరిగిపోతే నాయన మార్చె గదా. కొత్తదానికి పాత గంధం యాడ నుంచి వస్తుంది? దానికి పెద్ద బొట్టు పెట్టు."

నా చేతిలో గంధం గిన్నె అలాగే ఉండిపోయింది. ఫోన్ తీసి ఎర్ర కారు ఫోటోలు పెద్దవి చేసి చూశాను. డోరు సందులో గంధం ఉంది. అద్దం వెనక ఉంది. వెనక దీపాల అంచున ఎర్రగా కుంకుమ ఉంది. బానెట్ అంచుల్లో లేదు. ఎడమ ఫెండర్ సందులో లేదు. యార్డువాళ్ళు కారు ఎంత శ్రద్ధగా ఉందో చూపడానికి పాత ఓనరు పూజ ఫోటోలు కూడా నాకు పంపారు. ప్రతి ఏడూ బానెట్ మీదే అన్నిటికంటే పెద్ద బొట్టు. పైన కడిగితే పోతుంది, సందులో పోదు. నేను తెల్ల కారుకి మార్కులు తగ్గించింది దేనికో, ఎర్ర కారులో లేనిదీ అదే.

సారుకి ఫోన్ చేసి చెప్పాను, బానెట్, ఫెండరు తర్వాత మార్చినవి అయ్యుంటాయని. ఆయన మాట్లాడేది తమిళం. "రిపోర్టు వెళ్ళిపోయింది. గంధం లేదని కారు వద్దంటావా?"

"ర్యాంపు మీద ఎక్కించి కింద నుంచి చూడాలి సార్. ర్యాంపు ఎక్కకుండా నేను రాసుండకూడదు."

ఆయన అన్నారు, "సరే. ఏమీ లేకపోతే అందరి ముందూ నువ్వే ఒప్పుకోవాలి. ఏదైనా ఉంటే కూడా నువ్వే ఒప్పుకోవాలి. ఎలాగైనా తప్పు నీదే." అది నిజమే.

మర్నాడు పొద్దున కోవిల్‌పట్టికి మామ అడ్వాన్సు సంచీతో, అత్త మల్లెపూలతో వచ్చారు. యార్డు యజమాని, అందరూ అన్నాచ్చి అని పిలిచే ఆయన, నన్ను చూసి పగలబడి నవ్వాడు. "ఏమ్మా, ఇంజినీరింగ్ చదివింది బొట్టు చూసి కారు కొనడానికా? రేపు జాతకం కూడా అడుగుతావా?"

మామ నా వైపు తిరిగాడు. "నీ రిపోర్ట్లో మంచిదని దా రాసినావు?"

"ఆమా మామా, అట్లే రాసినా. తప్పు రాసినానేమో అని బయముండాది. నాకి అర్ద గంట ఇయ్యండి."

ఆయన సంచీ చంకలో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాచ్చితో అన్నాడు, "మూట పైన ఎవుడైనా మంచి కాయే పెడ్తాడు. నడుమ చెయ్యి పెట్టకుండా నేను ఒక మూట కూడా కొన్లేదు. ఎక్కించు అన్నాచ్చి."

పక్క వర్క్‌షాపులో కారుని ర్యాంపు మీద ఎత్తారు. చక్రం పైన ఉండే నల్ల ప్లాస్టిక్ కవరు విప్పారు. లోపల ఎడమవైపు చాసిస్ రైలు, అంటే కారు మొత్తాన్ని మోసే ఉక్కు దూలం, ఒకచోట వంగి, సాగదీసి, వెల్డింగ్ చేసి ఉంది. బయట బానెట్, ఫెండరు కొత్తవి తెచ్చి కంపెనీ రంగు ఎంత పల్చగా ఉంటుందో అంతే వేశారు. అందుకే మీటరుకి దొరకలేదు. అన్నాచ్చి నవ్వు ఆగిపోయింది. టార్చి లాక్కుని రెండుసార్లు చూశాడు. ఆ ముఖం చూస్తే ఆయన కూడా మోసపోయి కొన్నాడనే నాకు అనిపించింది.

మామ సంచీ అత్త చేతికిచ్చాడు. అత్త చేతిలోని మల్లెపూలు చూసి, "ఇవి ఏమి చేసేది ఇప్పుడు?" అంది.

"సాత్తూరు దోవలో దా ఉండాది," అన్నాడు మామ.

ఆ మధ్యాహ్నమే తెల్ల కారుకి అడ్వాన్సు ఇచ్చారు. ఈసారి ర్యాంపు ఎక్కించాకే. రిపోర్టు తిరగరాశాను. మరకలకి తగ్గించింది మళ్ళీ కలిపాను, కింద పాత రిపోర్టులో నా పొరపాటు ఏమిటో కూడా రాశాను. సారు అది చదివి సంతకం పెడుతూ, లైసెన్సు పరీక్షకి ఫారం తెచ్చుకోమన్నారు.

మామ రెండేళ్ళు నడిపాడు. అత్త నోరు మూసుకుని కూర్చోలేదు. పోయిన నెల కారు అమ్మారు. కొన్నాయన కుంకుమ మరకలు చూపించి ధర తగ్గించమన్నాడట. "ఆ మరక దా దానికి సర్టిపికెట్టు" అని అత్త పైసా తగ్గనివ్వలేదు. కొన్న ధరకి కొంచెమే తక్కువ వచ్చింది. మనవరాలి ఫీజు కట్టేశారు.

ఆ కేసు తర్వాత నేను పని చేసే పద్ధతి మారింది. మీటరు పలకని చోటుని సరే అని వదలను. ఆ కారు ఎవరింట్లో ఉందో, వాళ్ళు దానికి ఏడాదికోసారి ఏం చేస్తారో అడుగుతాను. తక్కువ తిరిగిందన్నంత మాత్రాన మార్కులు వేయను.

ఇక ఫోన్లు. ఆండాళ్ అత్తకి చేయాలి, పక్కనుంచి మామ ఎలాగూ లాక్కుంటాడు. వాళ్ళ మనవరాలికి, హాస్టల్లో ఉంది, సాయంత్రం ఎత్తుతుంది. కోవిల్‌పట్టి అన్నాచ్చికి, ఇప్పుడు ఏ కారైనా కొనే ముందే మా దగ్గరికి పంపుతున్నాడు, జాతకం అడగమంటాడేమో. అమ్మకి, నాయనకి ఇంట్లో ఒకటే ఫోను. మగ్గాలు ఆడుతుంటే అది మోగినా వినపడదు. ఒంటిగంటకి మగ్గాలు ఆపి అన్నానికి లేస్తారు. ఇంకా పది నిమిషాలుంది.