ప్రభువుగారండీ

దానమ్మగారికి ఓపిక ఎక్కువని ఏలూరు నుంచి గణపవరం దాకా సంఘాల్లో పేరు. ఆ పేరు పెట్టినవాళ్లెవరూ పైడమ్మకు ప్రార్థన నేర్పి చూడలేదు.

పెనిమిటి పోయాక ఆవిడ బైబిలు స్త్రీగా చేరింది. అప్పటినుంచీ వారం వారం తాటిదోనె ఎక్కి కొల్లేటి లంకలకు వెళ్లడం, కొత్తగా నమ్ముకున్న ఆడవాళ్లకు వాక్యం చెప్పడం, తడిసిన చీరతో తిరిగి రావడం. ఒక లంకలో చేపలు పట్టుకునే పోలయ్య కిందటేడు బాప్తిస్మం తీసుకున్నాడు. అతని పెళ్లాం పైడమ్మ మాత్రం బాప్తిస్మమిచ్చే అయ్యగారి ముందు నోరు విప్పలేక ఆగిపోయింది. సొంతంగా ప్రార్థన చేసి వినిపిస్తే గాని బాప్తిస్మం లేదు. ఎలీయాజరు అయ్యగారు మళ్లీ వస్తున్నారు. ఈసారీ తప్పితే ఇంకో ఏడాది ఆగాలి.

పైడమ్మకు పాటలొచ్చు, కథలొచ్చు. "నీవు" అని దేవుణ్ణి పిలవాల్సిన చోటే ఆగిపోతుంది.

"మావగారిని మీరంటాను, కరణంగారిని మీరంటాను. అందరికన్నా పెద్దాయన్ని పట్టుకుని నువ్వనేదేంటండీ?"

"ఆయన మనకు తండ్రే పిల్లా. మీ అయ్యని ఏమంటావు?"

"ఎదురుపడితే ఏమీ అననండీ. పక్కకి తప్పుకుంటాను."

వల బాగుచేసుకుంటున్న పోలయ్య నవ్వాడు. "నన్నయితే ఒరే అనడం ఒక్కటే తక్కువండీ, దానమ్మగారూ."

దానమ్మగారు కళ్లు మూసుకుని తమాయించుకుంది. ఇంత మొండిదాన్ని ఆవిడ ఏ లంకలోనూ చూడలేదు. ఆవిడ వచ్చేసరికి పైడమ్మ పొయ్యి మీద వేణ్ణీళ్లు ఉంచుతుంది, కాళ్ల బురద తనే కడుగుతుంది, పొడి చాప వెతికి వేస్తుంది. అడగనివన్నీ చేస్తుంది. అడిగిన ఒక్క మాటా అనదు.

అయ్యగారు వచ్చిన రోజు పొద్దుటి నుంచి వాన. దానమ్మగారు నిలువునా తడిసి, దగ్గుతూ దోనె దిగింది. పాకలో అందరూ కూర్చున్నారు.

"ప్రార్థన చెయ్యి పైడమ్మా" అన్నారు అయ్యగారు.

పైడమ్మ కొంగు నలుపుతూ నిలబడింది.

"నీవు అను, నీవు" అని వెనకనుంచి గొణిగింది దానమ్మగారు. అంతలో దగ్గు తెర ముంచుకొచ్చి ఆవిడ వంగిపోయింది. పైడమ్మ వెనక్కి తిరిగి చూసింది. చేతులు జోడించి కళ్లు మూసుకుంది.

"ఏవండీ ప్రభువుగారూ, నేను పైడమ్మనండీ. మా ఆయన మీకు తెలుసు కదండీ. దానమ్మగారు మా కోసం తడిసి తడిసి దగ్గు తెచ్చుకున్నారు. కాస్త తగ్గించండి. నేనంటే ఆవిడకి విసుగండీ. అయినా నన్ను వదల్లేదు. మీరూ వదలకండి. ఆమేనండీ."

దానమ్మగారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమేన్‌కి కూడా అండీయే.

"అయ్యగారూ, ఎన్నిసార్లు చెప్పినా దీనికి..."

అయ్యగారు చెయ్యెత్తి ఆపారు. "అమ్మా, ఇంతసేపూ ఎవరితో మాట్లాడావు?"

ఇదేం ప్రశ్నన్నట్టు చూసింది పైడమ్మ. "ఆయనతోనేనండీ."

"అయితే ఆదివారం బాప్తిస్మానికి తెల్లచీర ఉతుక్కో."

తిరుగు దోనెలో దానమ్మగారు గొణుగుతూనే ఉంది. ఇక ఈ లంకలో ఆడవాళ్లంతా ప్రభువుగారండీ అంటారు, దిద్దలేక తను చావాలి. వెనక గెడ వేస్తున్న పోలయ్య అడిగాడు.

"దగ్గు నెమ్మదించిందాండీ?"

"నీ పెళ్లాం అంత మర్యాదగా అడిగాక, నెమ్మదించక ఏం చేస్తుంది?" అని విసుక్కుంది దానమ్మగారు.