మళ్ళీ లేస్తేనే నమ్మాలె

"మీ ఖాలా ఇయ్యాల లేవలే బేటీ," అన్నారు ఖాలూ ఫోన్లో. అందరికంటే ముందు లేచి, ఫజర్ నమాజు చేసుకుని, ఆ తర్వాత ఇంట్లో ఒక్కొక్కరినీ పేరు పెట్టి లేపే మనిషి. ఆ పొద్దున ఆమెనే లేపాల్సి వచ్చిందట. ఎంత పిలిచినా పలకలేదట.

ఖాలా అంటే మా అమ్మకు చెల్లెలు, ఖాలూ ఆమె భర్త. జమ్మికుంటలో పత్తి మార్కెట్‌కు పోయే దారిలో ఒక రేకుల గదిలో కూర్చుని లారీలను, ట్రాక్టర్లను తూచే కాంటా నడిపేది. ఆ దారిన పత్తి తెచ్చినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఆమె మీకు గుర్తుండే ఉంటుంది. తిట్లు కూడా తినే ఉంటారు. ట్రాక్టర్‌ను కాంటా మీద కాస్త వంకరగా ఆపినా ఊరుకునేది కాదు. అంతకుముందు చాలా ఏళ్ళు కరీంనగర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పింది. ఖాలూకు మోకాళ్ళు పట్టేశాక కాంటా పని తన మీద వేసుకుంది. నాకు ఈ విద్యలో వచ్చిన నాలుగు ముక్కలూ ఆమె పెట్టినవే.

ఖాలాకు బుగ్గన ఒక లవంగం ఉండాలి. కీబోర్డును చున్నీ కొంగుతో ఒకసారి తుడవాలి. ఆ తర్వాతే పని. కంప్యూటర్ మొరాయిస్తే మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని, తెర మీద ఉన్నదాన్ని పైకి చదివేది. మా చేత చదివించేది. నాకు ఎక్కడలేని చిరాకు వచ్చేది. "నువ్వు అనుకున్నది గాదు, అది రాసింది సదువు," అనేది.

ఆ మాట విలువ నాకు తెలిసివచ్చిన రోజు గురించి చెప్పాలి.

కాంటా గదిలోని కంప్యూటర్ ముసలిది. వైరస్‌ల బాధ పడలేక ఖాలా ఏనాడో దాంట్లో లినక్స్ ఎక్కించింది. అయితే ఆన్ చేశాక తెమిలి పనిలోకి రావడానికి చాలాసేపు పట్టేది. దానికి కారణం ఇనిట్ అని ఆమె అనుమానం. ఇనిట్ అంటే ఏమిటో ఆమె మాటల్లోనే చెబుతాను. "రంజాన్ల తెల్లారకముందు సహరీ తినేటందుకు ఇంట్ల ఒకలు ముందు లేస్తరు గదా. వాళ్ళు లేచి మిగతోళ్ళను లేపుతరు. గదే ఇనిట్. గల్లీల తిరిగి, తలుపు కొట్టి, గా మనిషిని పేరు పెట్టి లేపేటోడు బూట్‌లోడర్."

ఒక శుక్రవారం బండ్లు లేని వేళ చూసి, ఆ బరువైన ఇనిట్‌ను తీసేసి తేలికైనది పెట్టింది. మళ్ళీ ఆన్ చేసి చూసుకునేలోపే ట్రాక్టర్లు వరుస కట్టాయి. నడుస్తున్న కంప్యూటర్ నడుస్తూనే ఉంది కదా అని, రాత్రి కూడా దాన్ని ఆపకుండా, ఆ పని రేపటికి వాయిదా వేసింది.

మర్నాడు నేను ఆమెను చూడ్డానికి పోయాను. మంథని దిక్కు నుంచి ఒక రైతు వచ్చి నిండు ట్రాలీ తూకం వేయించుకుని, మిల్లులో పత్తి దించి, ఖాళీ ట్రాలీతో తిరిగి కాంటా ఎక్కాడు. అప్పట్లో నిండు బండి బరువు కంప్యూటర్‌లోనే ఉండేది. ఖాళీ బండి కూడా తూగాకే రెండూ కలిపి ఒక్క చీటీ వచ్చేది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. బ్యాటరీ ఏనాడో చచ్చింది. కరెంటు తిరిగి వచ్చింది గానీ కంప్యూటర్ సగంలో ఆగిపోయింది. నల్ల తెర నిండా తెల్లటి వరుసలు.

రైతు గది గుమ్మంలోకి వచ్చాడు. "అక్కా, నా పత్తి కుప్పల కలిసిపాయె. నా తూకం గిప్పుడు ఎవలు చెప్తరు? మిల్లోళ్ళు అందాజగ రాస్తమంటున్నరు."

బయట మబ్బు పట్టింది. వెనక ఉన్న బండ్ల వాళ్ళు హారన్లు కొడుతున్నారు. "అంతా తుడిచి లినక్స్ కొత్తగా ఎక్కిద్దామా ఖాలా?" అన్నాను.

"తుడిస్తే ఆయన తూకం గూడ పోతది. పరేషాన్ గాకు. సదువు."

చదివాను. ఆఖరి వరుసల్లో ఇంగ్లీషులో ఉన్నదాని సారాంశం ఇది: మీరు చెప్పిన చోట ఇనిట్ దొరకలేదు.

ఖాలాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ తీసేసిన ఇనిట్‌ను మొదట తెచ్చుకున్నప్పుడు, దాని చిరునామాను బూట్‌లోడర్‌లో తన చేత్తోనే రాసిపెట్టింది. ఇప్పుడు మనిషిని మార్చింది గానీ చిరునామా మార్చడం మరిచింది. "గల్లీల లేపేటోడు వచ్చి, ఖాళీ చేసి పోయిన కిరాయిదారు పేరు పిలుస్తుండు. తప్పు నాదే," అంది.

ఆపి, ఆన్ చేసి, బూట్‌లోడర్ మెనూ కోసం షిఫ్ట్ నొక్కిపట్టింది. క్షణం ఆలస్యమైంది. మళ్ళీ అవే వరుసలు. రైతు "యాడికి పాయెనో నా తూకం" అని గుమ్మంలోనే కూలబడ్డాడు. రెండోసారి మెనూ పైకి వచ్చింది. మార్చడానికి వరుస తెరిచి, పాత చిరునామా ఉన్న ముక్క దొరికేదాకా ఒక్కొక్క మాటా పైకి చదివింది. దాన్ని చెరిపి కొత్తది రాసింది. లవంగం నమలడం ఆపేసింది.

కంప్యూటర్ లేచింది. నిండు ట్రాలీ బరువు పెట్టిన చోటే ఉంది.

"ముందు శాశ్వతంగా మార్చు ఖాలా, ఇది ఈ ఒక్కసారికే కదా," అన్నాను.

"ముందు ఆయన చీటీ," అంది.

చీటీ చేతికి వచ్చాక రైతు దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, పైనుంచి తడిమి చూసుకున్నాడు. అప్పుడు ఖాలా అసలు ఫైలులో చిరునామా మార్చింది. ఆ తర్వాత చక్కగా నడుస్తున్న కంప్యూటర్‌ను తనే బంద్ చేసింది. రైతు అదిరిపడ్డాడు.

"ఇంత తిప్పలవడి లేపి, మళ్ళ పండబెడ్తివేందక్కా?"

"ఒక్కపారి లేస్తే నమ్మొద్దు తమ్మీ. మళ్ళ పండి, మళ్ళ లేస్తే గప్పుడు నమ్మాలె. నిన్న గిది చెయ్యకనే నిన్ను గోస పెట్టిన."

అది మళ్ళీ లేచింది. ఆయన నవ్వుతూ వెళ్ళాడు. నిండు బండి బరువును వెంటనే కాగితం మీద రాసిచ్చే అలవాటు ఖాలా ఆ రోజే మొదలుపెట్టింది. బూట్‌లోడర్‌లో ఇంకొక మార్పు కూడా చేసింది. మెనూ చూపించకుండా తనంతట తానే ముందుకు పోయే పద్ధతి తీసేసింది. ఎవరైనా వచ్చి ఎంటర్ నొక్కేదాకా అది మెనూ దగ్గరే ఆగి ఉంటుంది. ఎందుకని అడిగాను. "కరెంటు వచ్చుడు పోవుడు మన చేతుల లేదు. అది లేచేటప్పుడు ముంగట ఎవలన్న ఉండాలె," అంది.

మొన్న చలికాలంలో ఖాలాకు ఛాతీలో నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో అందరం వణికిపోయాం. ఇంటికి తిరిగొచ్చి మంచం మీద కూర్చుని చాయ్ తాగుతుంటే, "గండం గడిచింది, ఇక భయం లేదు," అన్నాను. నా వైపు చూసి చిలిపిగా నవ్వింది. "ఒక్కపారి లేస్తే నమ్మొద్దంటి గదనే." నాకు ఒళ్ళు మండిపోయింది. అదేం మాటని గట్టిగానే కసిరాను. ఇప్పుడు ఆ నవ్వు కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

ఖననం అయ్యాక కొన్నాళ్ళకు ఖాలూ కాంటా గది తాళం నా చేతిలో పెట్టారు. బయట ఒక పత్తి ట్రాక్టర్ అప్పటికే వచ్చి ఆగి ఉంది. తలుపు తీస్తే లోపల చీకట్లో తెర వెలుగుతోంది. కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో తెలియదు. బూట్‌లోడర్ మెనూ దగ్గర, ఆమె చెప్పినట్టే, కంప్యూటర్ ఆగి ఉంది. ఆమె ఎంటర్ నొక్కుతుందని అన్నాళ్ళుగా అలాగే ఎదురుచూస్తోంది.

కుర్చీలో కూర్చున్నాను. చున్నీ కొంగుతో కీబోర్డు తుడిచాను. తెర మీద ఉన్నదంతా పైకి చదివాను, ఒక్క మాట వదలకుండా. బయట ట్రాక్టర్ హారన్ కొట్టింది. ఎంటర్ నొక్కాను.

అది లేచింది.