యాదమ్మ వీపు

ఒక అమ్మాయి వీపు ఏళ్ల తరబడి నా గుండెమీద బరువై కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

శాలిబండలో ఆడపిల్లల బడికి నేను డ్రిల్లు పంతులమ్మను. ఒక ఏడు దొరసాని డాక్టరు వచ్చి, ఎదిగే పిల్లల వెన్ను ఎలా చూడాలో నేర్పింది. పిల్లను ముందుకు వంచాలి. వీపులో ఒక పక్క ఎత్తుగా లేస్తే ఆసుపత్రికి పంపాలి. నేనూ, తోటి పంతులమ్మ ఖదీజా ఆపా విడివిడిగా చూడాలి, ఒకరి మాట ఒకరికి తెలియకూడదు. అది డాక్టరమ్మ పెట్టిన షరతు.

మొదటి రోజే మా మాటలు కలవలేదు. నేను వంకరన్న పిల్లను ఆపా బాగుందన్నది. ఆపా అనుమానించిన పిల్లలో నాకేమీ కనబడలేదు. పరువు పోతుందని భయపడ్డాం. మర్నాటి నుంచి పక్కపక్కనే నిలబడ్డాం. ఒకరేమంటే రెండోవారిదీ అదే మాట. మా ఇద్దరి చూపూ ఒక్కటేనని డాక్టరమ్మ మెచ్చుకుంది. అప్పుడు నాకు సిగ్గేసిందా? లేదు, సంతోషం వేసింది.

పాలవాళ్ల పిల్ల యాదమ్మ వంగింది. కుడి పక్క లేచింది. స్పష్టంగా చూశాను. ఆపా అప్పటికే "సీదా", తిన్నగానే ఉందని, అనేసింది. నేను కాదనలేదు.

యాదమ్మే అడిగింది. "పంతులమ్మా, నా ఈపు సక్కగున్నదా? రైక ఒక దిక్కు లేస్తున్నదని మా అమ్మ ఫికర్ చేస్తున్నది."

"పాలకుండ ఎప్పుడూ ఒక్క దిక్కే సంకన పెట్టుకుంటవు, గందుకే. దిక్కు మార్చు. ఏం ఫికర్ లేదు, పో."

నమ్మింది. కుండ దిక్కు మార్చింది. ఆసుపత్రికి పోలేదు.

ఇప్పుడు మా వీధిలో పాలు పోసేది యాదమ్మే. వీపు ఒక పక్కకు గూనెక్కింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. చిన్నప్పుడు కుండ ఒక్క దిక్కే మోసిన తన తప్పేనని నవ్వుతూ చెబుతుంది, ఆ నవ్వుకు నేను తలూపుతాను, గిన్నెలో ఆమె పోసిన కొసరు పాలు కూడా లోపలికి తీసుకుపోతాను. అప్పుడు పంపి ఉంటే బాగయ్యేదా? ఏమో. పంపాల్సింది మాత్రం నేనే.

రేపు గుమ్మంలో చెబుతాను. తప్పు కుండది కాదు, నీది కాదు, నేను చూసి కూడా దాచానని. తిడితే పడతాను. క్షమించమని అడగను. ఇది రాశాక నాకు కొంత తేలికైంది. ఆమె మాత్రం ఇంకా తన తప్పే అనుకుంటోంది. రేపటి వరకే.