కేరియర్ మీది బరువు

దెయ్యాల సంగతి చెప్పేవాళ్ళంతా ముందుగా "నాకు నమ్మకం లేదు" అంటారు. నేనూ అనక తప్పదు. ఉద్యోగమంతా పల్లెల్లో ఏఎన్ఎమ్‌గా చేశాను. శవాల గది పక్కన కుర్చీ వేసుకుని అన్నం తిన్న మనిషిని. ఎవరైనా గాలి సోకిందంటే జ్వరం చూసేదాన్ని, దిష్టి తగిలిందంటే రక్తపరీక్షకి పంపేదాన్ని. ఇప్పటికీ నా తీరు అంతే. ఈ ఒక్క సంగతి మాత్రం ఎందులోనూ ఇమడక మిగిలిపోయింది.

మాది రంపచోడవరం వైపు. కొండరోడ్ల మీద సైకిలు నేర్చుకున్నాను. తొంభైల్లో కాట్రేనికోన దగ్గర ఒక పల్లెకి వేశారు. ఊరి పేరు రాయను, వాళ్ళంతా ఇంకా అక్కడే ఉన్నారు. సబ్ సెంటర్ నుంచి చివరి పేట దాకా నా దారి కాలువ గట్టు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క కనుచూపు మేర రొయ్యల చెరువులు. దారిలో ఎక్కుడు అంటూ ఉంటే అది కాలువ మీది వంతెనే. అంత చదును నేల మీద సైకిలు తొక్కడం మొదట్లో నాకు మహా విసుగ్గా ఉండేది. కొండలు కనపడక బెంగ కూడా పెట్టుకున్నాను.

ఆ బెంగ తీర్చింది మాణిక్యమ్మ. ఆ ఊళ్ళో పురుళ్ళు పోసే మంత్రసాని. నాకన్నా బాగా పెద్దది, భారీ మనిషి. ఎవరికి నొప్పులొచ్చినా నా సైకిలు వెనక కేరియర్ మీద కూర్చుని నాతో వచ్చేది. "మా సీమలో కొండల్లేవని ఏడవకమ్మా. ఇదుగో కొండ, మొయ్యి" అనేది. కడ్డీలు గుచ్చుకుంటున్నాయని గోనెసంచి ఒకటి మడతపెట్టి, కేరియర్‌కి కొబ్బరితాడుతో తనే కట్టుకుంది.

వంతెన ఎక్కుడు రాగానే చెప్పాపెట్టకుండా దిగిపోయేది. నేను ఆపకుండా పైకెక్కి, అవతలి దిగుడు మొదట్లో కాలు ఆన్చి నిలబడేదాన్ని. రొప్పుకుంటూ వచ్చి మళ్ళీ ఎక్కేది. వెనక్కి తిరిగి చూడాల్సిన పనే లేదు. మనిషి ఎక్కితే హేండిలు తేలికై అటూ ఇటూ ఆడుతుంది, దిగితే పెడలు ఒక్కసారిగా జారినట్టు పోతుంది. డబుల్స్ తొక్కినవాళ్ళెవరికైనా తెలుస్తుంది ఆ తేడా.

ఆవిడకో చాదస్తం ఉండేది. పురుటింట్లో ముడి అన్నది ఎక్కడా ఉండనిచ్చేది కాదు. పెట్టెల తాళాలు తీయించేది, మూటలు విప్పించేది, నా జడ కూడా విప్పమనేది. చివరికి సైకిలుకున్న తాడు విప్పి, తిరుగు ప్రయాణంలో మళ్ళీ కట్టుకునేది. ఇంట్లో ముడులుంటే కాన్పు అడ్డం పడుతుందని ఆవిడ నమ్మకం. నేను నవ్వితే, మీ ట్రైనింగులో అన్నీ చెప్పరులే అని మూతి తిప్పేది.

ఆవిడకి ఒక్కగానొక్క కూతురు, వరలక్ష్మి. అల్లుడు కువైట్‌లో డ్రైవరు. వరలక్ష్మికి మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టి, పుట్టిన కాసేపటికే మాణిక్యమ్మ చేతుల్లో పోయింది. ఊరందరి పిల్లలకీ పురుడు పోసి, సొంత మనవరాలిని దక్కించుకోలేకపోయానని ఆవిడ కుళ్ళిపోయింది. కూతురు మళ్ళీ నెల తప్పిందని మురిసిపోతుండగానే ఆవిడకి కామెర్లు ముదిరాయి. అమలాపురం ఆస్పత్రిలో చూడబోతే నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"మా వరం పురుటికి ఇద్దరం వెళ్దామమ్మా. నన్నొదిలేసి నువ్వొక్కదానివీ వెళ్ళిపోకు."

సరేనన్నాను. పోయేవాళ్ళకి ఎవరైనా అదే చెబుతారు. తర్వాత కొద్దిరోజులకే పోయింది. నేను ఏడవలేదు. పనిలో పడిపోయాను.

కేరియర్ మీద ఆ గోనెసంచి ఎందుకని ఒకసారి విప్పబోయాను. ఆవిడ కట్టిన ముడి, నా గోరు విరిగింది కాని అది ఊడలేదు. కోసెయ్యడానికి మనసొప్పలేదు. అలాగే వదిలేశాను.

ఇక ఆ పొద్దున. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు, ధనుర్మాసం. తెల్లవారింది కాని మంచు వల్ల చెయ్యి చాపితే చెయ్యి కనపడటం లేదు. చివరి పేట నుంచి సూరిబాబు అనే అతను తలుపు కొట్టాడు. వరలక్ష్మికి నొప్పులొస్తున్నాయి, ఇంకా రోజులున్నాయి కాని వచ్చేశాయి. అమలాపురం తీసుకెళ్దామంటే ఈ మంచులో గట్టు మీదికి రానన్నాడట అద్దెకారతను. ఎలాగైనా ఒప్పించి తెస్తానని సూరిబాబు మెయిన్ రోడ్డు వైపు వెళ్ళాడు. పురుటి సామాను రెండు సంచుల్లో సర్ది, రెండూ హేండిలుకి తగిలించుకుని నేను బయల్దేరాను. కేరియర్ ఖాళీ. ఇది బాగా గుర్తు.

మాణిక్యమ్మ ఇంటిసందు దాటుతుండగా సైకిలు బరువెక్కింది.

మొదట వెనక టైరులో గాలి పోయిందనుకున్నాను. దిగి నొక్కి చూశాను, రాయిలా ఉంది. చైను బాగుంది, బ్రేకు పట్టెయ్యలేదు. గాలి ఎదురు కొట్టడం లేదు, ఆకైనా కదలడం లేదు. మళ్ళీ ఎక్కి తొక్కితే అదే బరువు. హేండిలు తేలిగ్గా అటూ ఇటూ ఆడుతోంది. చలికి కాళ్ళు పట్టేశాయి కాబోలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వంతెన ఎక్కుడు మొదలయింది. బరువు దిగిపోయింది.

ఎక్కుడులో సైకిలు తేలికవడం ఎక్కడైనా ఉందా? పెడలు జారి నా కాలు కొట్టుకుంది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడ్డానికి భయం వేసిందనే చెబుతాను. పైకెక్కాక ఆగకుండా పోదామనుకున్నాను కాని, అవతలి దిగుడు మొదట్లో కాలు దానంతటదే ఆనింది. కాసేపటికి కేరియర్ కిర్రుమంది. సైకిలు బరువెక్కింది. ఇంక నేనేమీ ఆలోచించలేదు, తొక్కుకుంటూ పోయాను.

వరలక్ష్మి ఇంటి దగ్గర సైకిలు అరుగుకి ఆనించి, ఒక సంచి తీసుకుని లోపలికి పరుగెత్తాను. వరలక్ష్మి, తోడుగా పక్కింటావిడ ఉన్నారు. మాణిక్యమ్మ పోయాక కూతురింట్లోనే ఉంటున్న ఆవిడ భర్త సత్యంగారు పొయ్యి దగ్గర నీళ్ళు కాస్తున్నారు. బిడ్డ తల తెలుస్తోంది కాని ముందుకి రావడం లేదు. గొట్టం పెట్టి వింటే గుండె చప్పుడు నెమ్మదిస్తోంది. అప్పుడు మాత్రం నిజంగా భయపడ్డాను. ఈ బిడ్డ కూడా పోతే వరలక్ష్మి మళ్ళీ మనిషి కాదు. కారు వస్తుందన్న ఆశ లేదు.

రెండో సంచి కోసం ఒక్క అంగలో బయటికొచ్చాను. సైకిలు సీటూ హేండిలూ మడ్‌గార్డూ మంచుకి తడిసి నీళ్ళు కారుతున్నాయి. కేరియర్ మీద గోనెసంచి పొడిగా ఉంది. చేత్తో తడిమి చూశాను. కొబ్బరితాడు రెండు కొసలూ కిందికి వేలాడుతున్నాయి. ముడి లేదు.

కుదుపులకి ఊడి ఉంటుందని మీరంటారు. కొబ్బరితాడు తడిస్తే ముడి ఇంకా బిగుస్తుంది, కోనసీమలో ఎవరినడిగినా చెబుతారు.

సత్యంగారూ, ఈ తాడు మీరు విప్పారా అని అడిగాను. ఆయన గుమ్మంలోకి వచ్చి చూశారు.

"లేదండి. నేను ఇల్లు దాటలేదండి."

ఆ తాడు వంకే కాసేపు చూశారు. లోపలికెళ్ళి ట్రంకుపెట్టె తాళం తీశారు. దండెం మీది మూట విప్పారు, దూడ పలుపు విప్పారు. ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఆ ముడుల సంగతి ఎవరికీ గుర్తు లేదు. నేను వరలక్ష్మి దగ్గర కూర్చుని, నా జడ విప్పేసుకున్నాను.

ఆ తర్వాత వచ్చిన నొప్పులకే బిడ్డ బయటపడింది. ఆడపిల్ల. ముందు ఏడవలేదు. నోట్లో నీళ్ళు లాగి, వీపు రుద్దితే అప్పుడు కెవ్వుమంది. నొప్పులు బలంగా వచ్చాయి కాబట్టి కాన్పయింది, నర్సుగా నా మాట అదే. వరలక్ష్మి పిల్లని చూసుకుని, గుమ్మం వైపు చూసింది.

తిరిగి వస్తుంటే ఎండ వచ్చింది. సైకిలు తేలిగ్గా పోతోంది. వంతెన ఎక్కి, దిగుడు మొదట్లో కాలు ఆన్చి నిలబడ్డాను. నిలబడ్డాను, నిలబడ్డాను. కేరియర్ కిర్రుమనలేదు. సైకిలు మీద కొబ్బరికాయలు వేసుకుని వస్తున్న ఒకాయన ఆగాడు.

"ఎవరికోసమండీ, ఆగిపోయేరు?"

"ఎవరూ లేరండీ" అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది. అక్కడే, ఆయన ముందే, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ పిల్ల ఇప్పుడు పెద్దదయింది. తాడు మళ్ళీ కట్టలేదు, నా ట్రంకులో ఉంది. ఆ బరువేమిటో, ఆ ముడి ఎలా ఊడిందో నాకు ఇప్పటికీ తెలియదు. దెయ్యాలున్నాయని చెప్పమంటే చెప్పను. కాని ఆ పొద్దున పురుటికి నేనొక్కదాన్నే వెళ్ళానంటే మాత్రం, నా కాళ్ళు ఒప్పుకోవు.